రెండో స్విచ్చి

"కాళ్ళ కాడ ఏందో ఎర్ర దీపం ఊరకనే వెలుగుతా ఉంటే కర్రతో నొక్కి ఆపేశానే సబీహా," అని మా అత్తమ్మ మాబున్నీసా ముందు సీట్లోంచి తల తిప్పకుండానే చెప్పింది. మాచర్ల దాటి గురజాల రోడ్డెక్కి రెండు నిమిషాలు కాలేదు. పొయ్యి కట్టేశానని చెప్పినంత తేలిగ్గా చెప్పి, కాన్పు బట్టల సంచీని, మంచినీళ్ళ డబ్బాను, ఫ్లాస్కును తన కాళ్ళ ముందుకు లాక్కుని, కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఇక ఈ లోకంలో తను ఆపవలసినవేవీ మిగల్లేదన్నట్టు కళ్ళు మూసుకుంది. "అత్తమ్మా, మళ్ళీ వెయ్యండి దాన్ని," అన్నాను, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ. "పట్టపగలు దీపమెందుకే," అని కళ్ళు తెరవకుండానే అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, కారు అద్దాలన్నీ దించినా లోపలికి వచ్చేది గాలి కాదు, పెనం మీద నీళ్ళు చిలకరిస్తే మొహానికి కొట్టే ఆవిరి. ఇంత వెలుగులో దీపం ఎవరికి కావాలి. నాకే కావాలి. అది వెలుగుతుంటేనే ఇంజను ముందర ఫ్యాను తిరుగుతున్నట్టు లెక్క, ఆ సంగతి ఈ కార్లో నాకొక్కదానికే తెలుసు.

నా ఒళ్ళో అంజుమ్ తల. కడుపు మీద ఒక చెయ్యి, నా మణికట్టు మీద ఒక చెయ్యి. నొప్పి వచ్చినప్పుడల్లా మణికట్టు నలుగుతుంది, పోయినప్పుడు వదులవుతుంది, ఆ వదులయ్యే వేళ నా కూతురు "సారీ అమ్మా" అంటుంది, బస్సులో కాలు తొక్కిన వాళ్ళలాగా. రెండు గాజులు అప్పుడే పగిలాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఇక్కడ చెయ్యడం మంచిది కాదు, నరసరావుపేట తీసుకుపొండి, ఆలస్యం చెయ్యొద్దు అని మాచర్లలో డాక్టరమ్మ అన్నప్పుడు ఆవిడ చేతిలో పెన్ను మూత తీసీ పెట్టీ చేసింది, ఆ మూత వంకే చూశాను నేను, మొహం చూస్తే ఎంత భయపడాలో తెలిసిపోతుందని. అంబులెన్సు ఇంకో గర్భిణి కోసం వెళ్ళింది, రావడానికి గంట పడుతుందన్నారు. అల్లుడు ఐజాజ్ ఈపూరు నుంచి నేరుగా ఆస్పత్రికే వస్తానన్నాడు. మా ఆయన ఖాదర్ వలి "బండి ఉండగా అంబులెన్సెందుకు" అని తాళం చేతిలోకి తీసుకున్నారు. రావద్దన్నా అత్తమ్మ బయల్దేరింది. అంజుమ్ తన చేతుల మీద పుట్టింది కాబట్టి అంజుమ్ బిడ్డ కూడా తనను సంప్రదించే పుట్టాలని ఆవిడ నమ్మకం. వెనక కూచుంటే వాంతులు, మోకాళ్ళు మడవలేదు, అందుకని ఎడమ పక్క ముందు సీటు, ఎప్పుడూ నేను కూచునే సీటు, ఆవిడకిచ్చాను. ఇచ్చేటప్పుడు కింద ఉన్నది గుర్తు రాలేదు. ఎనిమిది నెలలుగా అలవాటైపోయిన దొంగతనం గుర్తుండదు.

దొంగతనమనే అనాలి. మొదటి స్విచ్చి అందరికీ తెలిసినదే, స్టీరింగు కింద, మా ఆయన మోకాలికి పైన. మా కారుకు పదిహేడేళ్ళు. ఇంజను వేడెక్కితే దానంతట అదే ఫ్యాను తిరగాలి, ఆ తిప్పే సెన్సరు పోయింది. మెకానిక్కు రియాజ్ కారు మూతి విప్పి, లోపలికి తొంగి చూసి, "ఈ బండికి ఆ సామాను రావడం మానేసింది బావా. డైరెక్టు స్విచ్చి పెట్టేస్తా. ఇంట్లో ఫ్యాను మాదిరే, వేసుకోడం, ఆపుకోడం," అన్నాడు. బ్యాటరీ నుంచి ఒక తీగె లాగి, మధ్యలో ఫ్యూజు వేసి, డ్యాష్‌బోర్డు కింద చిన్న బెజ్జం కొట్టి నల్ల స్విచ్చి బిగించేశాడు. గంట పని. అతను చెప్పిన రెండు మాటల్లో మా ఆయన రెండోదాన్నే పట్టుకున్నారు. ఆపుకోడం. ఇంట్లో నేను గదిలో ఉండగానే లైటు ఆరిపోతుంది. పెళ్ళైన కొత్తలో నేను కనపడలేదేమో అనుకున్నాను, తర్వాత తెలిసింది, కనపడ్డాను, కానీ కదలకుండా కూచుని ఉన్నాను కాబట్టి నాకు వెలుతురుతో పని లేదనుకున్నారని. అది పిసినారితనం కాదు, మా కారం మర నేర్పిన పని. తొట్టిలో మిరపకాయలు అయిపోయిన క్షణాన మోటారు ఆగాలి, లేకపోతే రాళ్ళు రాళ్ళు రాసుకుని వేడెక్కుతాయి, కారం మాడు వాసన వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెయ్యి నేర్చుకున్నది ఒకటే: పని ఆగిందా, మోటారు ఆపు. అదే చెయ్యి కారుకీ అదే లెక్క వేసింది. బండి పోతుంటే ఫ్యాను, బండి ఆగితే ఫ్యాను బందు. "ఆగిన బండికి ఫ్యానెందుకు, బ్యాటరీ అసలే పాతదైపోయింది," అనేవారు. కారుకు మాత్రం లెక్క తిరగబడుతుందని, పోతున్నప్పుడు ఎదురుగాలే చల్లబరుస్తుందని, ఆగినప్పుడే ఫ్యాను కావాలని రియాజ్ చెప్పాడు, నేను చెప్పాను. చెప్పినప్పుడు తలూపారు. బండి ఆగినప్పుడు చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

ఎత్తిపోతల దగ్గర పార్కింగు వరసలో నిలబడి ఉండగా ఆ పని పూర్తయింది. మా చిన్నాడపడుచు పిల్లల్ని జలపాతం చూపిద్దామని తీసుకెళ్ళాం. బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది, కింద నీళ్ళు కారాయి, జలపాతం చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ కాసేపు మమ్మల్ని చూశారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. మర్నాడు నేను కిలో కారం పొట్లం పట్టుకుని రియాజ్ షెడ్డుకు వెళ్ళాను. కారు కూడా తీసుకెళ్ళాను, నాకు డ్రైవింగు వచ్చు, కానీ మా ఆయన పక్కనుంటే రాదు. "ఇంకో స్విచ్చి పెట్టు తమ్ముడూ, నా సీటు కింద," అన్నాను. "ఒకటుందిగా అక్కా." "అది మీ బావది. ఇది నాది. రెంటిలో ఏది వేసి ఉన్నా ఫ్యాను తిరగాలి." బీఎస్సీలో ఫిజిక్సు ప్రాక్టికల్సు నోట్‌బుక్కులో వంద సార్లు గీసిన సమాంతర వలయం ఇన్నేళ్ళకి ఒక పనికొచ్చింది, అతని షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గీసి చూపించాను. రియాజ్ గోడ వంక చూసి, నా వంక చూసి, "బావకి తెలిస్తే నన్ను మర్లో ఏసి తిప్పుద్ది ఆ చెయ్యి," అన్నాడు. "తెలీదు." "మోత వినపడదా అక్కా? ఈ ఫ్యాను కప్ప అరిచినట్టు అరుస్తది." నేను చేతి సుద్ద దులుపుకున్నాను. రియాజ్ అర్థమైనట్టు తలూపి స్పానరు తీసుకున్నాడు. లైటు లేని స్విచ్చి లేదంటే, వెలిగే ఆ ఎర్ర చుక్క మీద దెబ్బకి వేసుకునే పట్టీ ముక్క అంటించాను. నా తీగెను మాత్రం బండి తాళానికి కలిపించాను. తాళం తిప్పితే ఫ్యాను తిరుగుతుంది, తాళం తీస్తే ఆగుతుంది, మధ్యలో ఆయన ఏం చేసినా దానికి సంబంధం లేదు. ఎనిమిది నెలలు ఆ స్విచ్చిని నేను మళ్ళీ ముట్టుకోలేదు. ఈ ఎండకి పట్టీ జిగురు కరిగి ఊడి ఉంటుంది. అత్తమ్మకి ఆర్పడానికి దీపం కనపడితే చాలు. మా ఆయనకు ఆ చెయ్యి ఎవరి నుంచి వచ్చిందో ఆవిడే ఇప్పుడు ఆయన పక్క సీట్లో కునుకు తీస్తూ ఉంది.

కళ్ళు ముందు సీట్ల సందులోంచి ముల్లు మీద. డ్యాష్‌బోర్డు మీద చిన్న గడియారంలాంటిది, అటు చివర చల్లదనానికి సీ, ఇటు చివర వేడికి హెచ్, మధ్యలో సన్నటి తెల్లముల్లు. ఇప్పుడు సగానికి ఒక వెంట్రుకవాసి కింద. బాగానే ఉంది. బండి అరవైలో పోతుంది, ఎదురుగాలి ఉంది, పోతున్నంతసేపూ ఏమీ కాదు, పోతూనే ఉంటే చాలు, యా అల్లా, పోతూనే ఉండనివ్వు. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా, అంత ఎరుపు ఈ రోజు చూడ్డం నాకిష్టం లేదు, కళ్ళు మళ్ళీ ముల్లు మీదికి. "నాన్నా, ఎంత దూరం," అంది అంజుమ్. ఆయన సమాధానం చెప్పలేదు. "రెంటచింతల వస్తందమ్మా," అన్నాను నేను. ఇదే నా ఉద్యోగం ఈ నాలుగేళ్ళుగా. ఆయనకు వచ్చిన మాటలకు నేను సమాధానం చెప్పడం, ఆయన పలకలేదన్న సంగతి ఎవరికీ తెలియక ముందే. ఫోను మోగితే "మీ ఫోను" అనను, తీసుకెళ్ళి చేతిలో పెడతాను. మర దగ్గర పనిచేసే ఆదినారాయణ పిలవడం మానేసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. మర ఎడమ పక్క ఉంటుంది, ఎడమ చెవి దానికి ఒప్పగించేశారు, కుడిది కొంత నయం. ఎదురుగా నిలబడి మాట్లాడితే అన్నీ వినపడతాయి. కప్ప అరిచే ఫ్యాను మాత్రం వినపడదు. అది వినపడదని తెలిసే కదా సుద్దముక్క తీసుకున్నాను.

వినపడదన్న మాట మా ఇంట్లో ఎవరూ అనరు. మా మామగారు చివరి పదేళ్ళూ వినపడక బతికారు. ఆయనకు వినపడదని అందరూ ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకునేవాళ్ళు, అన్నం పెట్టాలా వద్దా అని కూడా. అత్తమ్మ పని చేసుకుంటూ "ఆ చెవిటాయన్ని అడిగేదేంది" అనేది, కోపంతో కాదు, తడిబట్ట ఆరేశానన్నట్టు. ఒకరోజు ఆ మాటను మామగారు ఆవిడ పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను, నా భర్త కూడా ఉన్నారు. తండ్రి మొహం ఆయన చూడటం నేను చూశాను. అందుకే కంటి డాక్టరు క్యాంపు పక్కనే చెవుల క్యాంపు పెడితే మా ఆయన కళ్ళద్దాలు రెండో జత తెచ్చుకున్నారు. అందుకే నేను చెప్పలేదు. చెప్పకపోవడమే మంచితనం అనుకున్నాను, దాంతో పాటు కొంచెం సరదా కూడా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఎవరికీ వినపడకుండా. ఎందుకంటే ఎనిమిది నెలలుగా ఆయన ఫ్యాను వెయ్యకుండా బండి నడుపుతున్నారు. బండి వేడెక్కడం లేదు. మొదట ఒకసారి వెయ్యడం మరిచిపోయి ఆశ్చర్యపడ్డారు, తర్వాత పరీక్షించారు, తర్వాత సిద్ధాంతం చేశారు. "మన ఇంజను జాతి వేరు, ఫ్యాను అక్కర్లా," అని టీ బంకు దగ్గర చెప్పారు. రియాజ్‌కు కూడా చెప్పారు, రియాజ్ నేల చూపులు చూస్తూ "అట్నా బావా" అన్నాడట. ఆ మాట ఆయన ఇంటికొచ్చి చెబితే నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.  నేనే నేర్పాను ఆయనకి, ఆ నల్ల స్విచ్చి అక్కర్లేదని.

రెంటచింతల. రాష్ట్రం మొత్తం మీద ఎండెక్కడ ఎక్కువంటే ఈ ఊరి పేరు చెబుతారు, ఇవాళ ఇక్కడే ఆగవలసి వస్తుందా. మలుపులో ట్రాక్టరు, బండి నలభైకి, ముప్పైకి. ముల్లు సగం దాటింది. "ఏవండీ, ఒకసారి ఫ్యాను వెయ్యరాదూ," అన్నాను, గట్టిగానే, ఎదురు అద్దంలో ఆయన కళ్ళు నా కళ్ళకి దొరికేట్టు. "ఎనిమిది నెల్లుగా వెయ్యట్లేదు, ఏమైంది? బ్యాటరీ దిగిందంటే ఈ ఎండన నువ్వు తోస్తావా," అన్నారు. కసురుకోలేదు, నచ్చచెప్పారు, ఆ నచ్చచెప్పడం ఇంకా భయంగా ఉంది. ట్రాక్టరు పక్కకు తప్పుకుంది, మళ్ళీ గాలి. ముల్లు ఆగింది. దిగలేదు, ఆగింది. అంజుమ్ మణికట్టు పట్టింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఎన్ని నిమిషాలో లెక్క పెట్టమంది డాక్టరమ్మ. లెక్క పెడుతున్నాను, కానీ ముల్లు కదలికలతో కలిసిపోతున్నాయి, ఐదు నిమిషాలా, నాలుగా, సగమా, సగం పైనా. ఒక ఉపాయం ఉంది. అంజుమ్‌కు వాంతి వస్తుందంటాను, బండి ఆపిస్తాను, ముందు తలుపు తెరిచి సంచీ సర్దుతున్నట్టు వంగి నా స్విచ్చి వేస్తాను. అర నిమిషం పని. ఇలాంటివి నాకు బాగా వచ్చు. గురజాల రానీ, నీడ చూసి ఆపిస్తాను, ఎండలో ఎందుకు. అబద్ధాన్ని కూడా నీడపట్టున ఆడదామనుకునే మనిషిని నేను.

నీడ రాలేదు, రైలు గేటు వచ్చింది. పడి ఉంది. ముందు రెండు సిమెంటు లారీలు, ఒక బస్సు, వెనకాల ఇంకో లారీ వచ్చి అతుక్కుంది, ఎడమ పక్క మిర్చి టిక్కీలు, పెద్ద గోనె బస్తాలు, నింపుకున్న ఆటో ఒకటి సందులో దూరి మా తలుపుకు చెయ్యి పట్టనంత దగ్గరగా నిలబడింది. ముందు తలుపు తెరుచుకోదు, వెనక తలుపు తెరుచుకోదు. కుడి పక్క దిగాలంటే అంజుమ్ తల దించాలి, అంజుమ్ నా మణికట్టు వదలాలి. ఆయన ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్టవకపోతే ఏం చెయ్యాలని ఆయన భయం, ఎక్సలేటరు మీద కాలు కొంచెం కొంచెం తొక్కుతూ ఉన్నారు.  "అత్తమ్మా," అన్నాను. "అత్తమ్మా, కర్రతో ఆ దీపం ఒకసారి నొక్కండి." ఆవిడ తల పక్కకు వాలిపోయి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, భుజం తట్టాను, "వచ్చామా" అని మళ్ళీ వాల్చింది. ఆవిడ కాళ్ళ ముందు సంచీ, డబ్బా, ఫ్లాస్కు, వాటి కింద ఎక్కడో ఆరిపోయిన నా తెలివి. ముల్లు సగానికీ హెచ్‌కీ మధ్యకు వచ్చింది. నేను చూస్తుండగానే వచ్చింది. ఎత్తిపోతలలో ఎంతసేపు పట్టింది, పది నిమిషాలా, అప్పుడు సెప్టెంబరు. ఇది మే. ఇక్కడ ఆవిరి లేస్తే ఇటు లారీ, అటు ఆటో, ముందు పట్టాలు, నా కూతురు ఈ సీట్లో, ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ ఈ సీట్లో, కత్తెర నూలుదారం అంటూ నిద్రలేచే ఎనభై ఏళ్ళ మంత్రసాని. అంజుమ్ ఈసారి సారీ చెప్పలేదు. పళ్ళు బిగించి సీటు గుడ్డ కొరికింది. అల్లా, నా సరదాకి వెలగా నా బిడ్డను అడగొద్దు.

ముందుకు వంగాను, ఎంత వంగగలనో అంత, నా నోరు ఆయన ఎడమ చెవి దగ్గరికి. అత్తమ్మ లేవకూడదు, అంజుమ్ వినకూడదు, ఆయన ఒక్కరే వినాలి. "మీ స్విచ్చి వెయ్యండి. ఇన్నాళ్ళూ ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా సీటు కింద ఇంకో స్విచ్చి పెట్టించా, అది వేసి ఉంది. ఇవాళ అత్తమ్మ ఆపేసింది. మీకు... మీకు దాని మోత వినపడలా," అన్నాను. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఇంత మెత్తగా నేను ఏ మాటా చెప్పి ఉండను. ఆయన కొంచెం తల తిప్పారు. "ఏంది?" అన్నారు. మళ్ళీ చెప్పాను, పెదాలు చెవికి తగిలేంత దగ్గరగా. "ఏందే, గాలి తప్ప మాట రావట్లా." ఎడమ చెవి. ముప్పై ఒక్క ఏళ్ళు మరకు ఇచ్చిన చెవి. ఎనిమిది నెలలుగా ఈ కార్లో నేను కూచున్న వైపు చెవి. దాంట్లోకి రహస్యం పొయ్యను కూడా పొయ్యలేనని అప్పటికి గాని నాకు తెలియలేదు. దూరంగా రైలు కూత. ముల్లు హెచ్ అక్షరం కాలు తాకింది.

అరిచాను. సిమెంటు లారీ డ్రైవరు తల బయట పెట్టి చూసేంత అరిచాను. "ఇంజను కాలిపోతందండీ, మీ స్విచ్చి వెయ్యండి! ఎనిమిది నెలల్నుంచీ ఫ్యాను నేనే తిప్పుతున్నా, మీకు వినపడక తెలీలేదు. మీకు వినపడదండీ." అత్తమ్మ దిగ్గున లేచింది. అంజుమ్ నొప్పి మధ్యలో కళ్ళు తెరిచి నన్ను చూసింది, అద్దంలో వాళ్ళ నాన్నను చూసింది. ఆయన అద్దంలో నన్ను చూశారు. ఎంతసేపో నాకు తెలియదు, ముల్లు కదిలేంతసేపు. తర్వాత చెయ్యి మోకాలి పైకి వెళ్ళింది. నల్ల స్విచ్చి నొక్కారు. అప్పుడే రైలు వచ్చింది.

రైలు వస్తుంటే ఏమీ వినపడలేదు. నాక్కూడా. పెట్టె తర్వాత పెట్టె, ఇనుము మీద ఇనుము, కారు నేల అదురుతూ ఉంది, ఆటోలో టిక్కీలు అదురుతూ ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగారు, పూర్తిగా, నా మొహం కనపడేట్టు. "తిరుగుతుందా?" అని అడిగారు. మాట వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. మొట్టమొదటిసారి ఇద్దరికీ ఒకేలా వినపడలేదు. నాకు తెలియదు. ఎనిమిది నెలలు వాడని స్విచ్చి, లోపల తుప్పు పట్టి ఉండొచ్చు, తీగె ఊడి ఉండొచ్చు, ఎలక కొరికి ఉండొచ్చు. అవునని అబద్ధం చెబుదామనుకున్నాను, అది నాకు ఊపిరంత తేలిక. చెప్పలేదు. తెలియదని తల అడ్డంగా ఊపాను. ఆయన ముందుకు తిరిగారు. కుడి అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పరిచి పెట్టారు, మర దగ్గర మోటారు మీద పెట్టినట్టు. రైలు అదురు తప్ప ఇంకేదీ అందదు ఆ చేతికి. అయినా తీయలేదు. ముగ్గురం, నొప్పి ఆగిన నా కూతురు కూడా, ముల్లునే చూస్తున్నాం. అత్తమ్మ ఎవరినీ ఏమీ అడగకుండా కర్రతో సంచీని పక్కకు నెడుతూ కాళ్ళ దగ్గర వెతుకుతుంది.

చివరి పెట్టె పోయింది. మోత పట్టాల వెంట పల్చబడి పోయింది. దాని అడుగునుంచి కప్ప అరుపు తేలింది, గరగరా, గరగరా, నా జన్మలో అంత మంచి పాట వినలేదు. "తిరుగుతుందండీ," అన్నాను. ఆయన అరచేతిని చూసుకుంటూ తలూపారు. ముల్లు హెచ్ మీద ఇంకాసేపు నిలబడి, మనసు మార్చుకున్నట్టు, వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. అప్పుడు అత్తమ్మ కర్ర కింద టిక్కుమంది, ఎర్ర చుక్క వెలిగింది. "ఆపింది నేనే, వేసింది నేనే, ఇంక నన్నేమనకండి," అంది. అంజుమ్ నవ్వబోయింది, నవ్వు సగంలో నొప్పి అందుకుంది.

గురజాల, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల తెల్లటి దుమ్ము, తర్వాత పెద్ద రోడ్డు. ఆయన ఎడమ చెయ్యి గేరు మార్చినప్పుడు తప్ప ఆ నల్ల స్విచ్చి మీదే ఉంది, ఎవరైనా వచ్చి ఆపేస్తారేమో అన్నట్టు. ఆపే మనుషులిద్దరూ ముందు సీట్లలోనే ఉన్నారు.  ప్రతి ఊరు దాటాకా అద్దంలోకి చూసి "తిరుగుతుందా" అన్నారు, "తిరుగుతుంది" అన్నాను, అంతే. కోపమా, సిగ్గా, తండ్రి గుర్తొచ్చాడా, ఆ అద్దం ముక్కలో కళ్ళు మాత్రమే కనపడతాయి, కళ్ళలో రోడ్డే ఉంది. అత్తమ్మ నిద్రపోలేదు. కొడుకు వంక చూస్తూ కూచుంది, ఒకసారి నోరు తెరిచింది, ఆ పాత మాట వస్తుందనుకున్నాను. రాలేదు. కొంగుతో కొడుకు మెడ మీద చెమట తుడిచింది.

ఆస్పత్రి మెట్ల దగ్గర ఐజాజ్ స్ట్రెచరుతో నిలబడి ఉన్నాడు. లోపలికి, ఇంకా లోపలికి, ఆపరేషనని ఒక నర్సు, సంతకమని ఒక నర్సు, నా మణికట్టు నుంచి అంజుమ్ చెయ్యి విడిపోయింది, తలుపు మూసుకుంది. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. అత్తమ్మ బెంచీ మీద కూచుని కర్ర పక్కన పెట్టి దాని వంకే చూస్తుంది, ఆ దీపం జోలికి మాత్రం ఎవరూ పోరు. లోపల ఏం జరుగుతుందో తెలియదు. ఇనుప పళ్ళేల చప్పుడు, ఎవరో త్వరగా నడిచిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఐజాజ్ వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు. మా ఆయన కారు తాళం గుప్పిట్లో పట్టుకుని తలుపుకు మూడు అడుగుల దూరంలో నిలబడ్డారు. నేను అలవాటుగా ఆయనకి ఎడమ పక్క నిలబడ్డాను, క్షమించమని ఎట్లా మొదలుపెట్టాలో ఆలోచిస్తూ. ఆయన తలుపు మీదినుంచి కళ్ళు తియ్యకుండానే అన్నారు.

"సబీహా. బిడ్డ ఏడవగానే నాకు చెప్పు."

ఎదురుకాళ్ళ బిడ్డ, ఏడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు.  ఆయన వెనకగా నడిచి వెళ్ళి, కుడి పక్కకు వచ్చి నిలబడ్డాను.